తెలుగు చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్య

బందరునుండి చెన్నపట్నమునకు తూర్పుతీరము వెంబడి సాగు త్రోవ తెలుగువారి చరిత్రలో పలుమారులు కనబడును. 1611లో ఆంగ్లేయ వర్తకులు బందరున దిగిరి. 1626లో నెల్లూరు తీరమున దుగ్గరాజపట్నము చెంతనున్న ఆర్మగామున కొఠీ పెట్టిరి. అచ్చటినుండి మరికొంత దక్షిణమునకు జరిగి 1639లో చెన్నపట్నమునకు నాంది పలికిరి. తరువాతి కాలమున రేవులు మారినవి, వర్తకము మారినది. త్రోవ మాత్రము మారలేదు. చదువునకై, కొలువునకై, వ్యాపారమునకై తెలుగు కుటుంబము లెన్నియో ఈ తీరము వెంటనే దక్షిణమునకు తరలిపోయినవి. నెల్లూరు ఈ త్రోవకు నడిమి మజిలీ. 1886వ సంవత్సరమున పదునేడేండ్ల బందరు యువకు డొకడు ఈ దిక్కుననే చెన్నపట్నము చేరెను. ఆ యువకుడే పిమ్మట తెలుగు చలనచిత్ర పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు.

వెంకయ్యగారు 1869 అక్టోబరు 15వ తేదీన బందరులో జన్మించిరి. అప్పటికే ఆ పట్టణము పూర్వవైభవమును కోల్పోయియుండెను. ఆయన పుట్టుటకు అయిదేండ్లు ముందు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, తుపానుతో సముద్రము పొంగి ఊరిపై బడి వేలకొలది ప్రాణములను బలిగొనెను. రేవు క్షీణించినను ఊరి చేతిపనులు మాత్రము నిలిచియుండెను. కలంకారీ అద్దకపు పనివారు గీతను, రంగును, అచ్చును నమ్ముకొని జీవించుచుండిరి. అట్టి ఊరిలో పెరిగిన బాలునకు చిత్రకళ యందు అభిరుచి కలుగుట వింత కాదు. బ్రతుకుతెరువు మాత్రము అచ్చట దొరకునట్లు లేకుండెను.

బెజవాడ చెన్నపట్నముల నడుమ రైలుమార్గము 1899లో గాని పూర్తి కాలేదు. అంతవరకు ఈ తీరమునకు బకింగుహాము కాలువయే పెద్ద దిక్కు. కృష్ణా కాలువలను చెన్నపట్నముతో కలుపుచు, నెల్లూరు తీరము వెంట పులికాటు సరస్సు మీదుగా సాగు ఆ కాలువలో తెరచాప పడవలు ధాన్యమును, ఉప్పును, కట్టెలను మోసికొని పోవుచుండెడివి. గాలి అనుకూలించినచో తెరచాప, లేనిచో ఒడ్డునుండి మనుష్యులు లాగు త్రాడు. అది ఓర్పుగలవారి త్రోవ. తీరపు జిల్లాల యువకులకు చెన్నపట్నము ఎంత దూరపు నగరమో, ఎంత ఆశపెట్టు నగరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

చెన్నపట్నమున వెంకయ్యగారు ఛాయాగ్రహణమును వృత్తిగా గైకొనిరి. కాలక్రమమున మౌంటురోడ్డులో సొంత స్టూడియో నెలకొల్పిరి. ఆ వృత్తి నేడు మనము తలచుకొనునంత సులభమైనది కాదు. గాజుపలకపై వెండిలవణముల పూత యుండును. దానికి వెలుతురు సోకినచో బొమ్మ పడును. మంచి దీపములు లేని ఆ దినములలో సూర్యరశ్మియే ఆధారము. గాజు కప్పునుండి దిగు వెలుతురును తెల్లని తెరలతో మెత్తపరచి మనిషి ముఖముపై పడనీయవలెను. చీకటిగదిలో పలకను కడిగి, ఆరబెట్టి, దానిమీది లోపములను సన్నని పెన్సిలుతో దిద్దవలెను. కూర్చున్నవారు రెప్పపాటు కదలినను పలక చెడును. కనుక కదలక కూర్చుండుడని చెప్పుటయే ఆ వృత్తికి మొదటి పాఠము. దాదాపు ఇరువదియేండ్ల శ్రమతో వెంకయ్యగారు ఈ విద్యలో పేరు తెచ్చుకొనిరి. నలువది యేండ్ల వయస్సున, స్థిరమైన రాబడి కలిగి, నగరమున గౌరవముగా బ్రతుకుచున్నవాడు ఇక నిశ్చింతగా ఉండవలసినదే. కాని మనుష్యులను కదలనీయక కూర్చుండబెట్టుట వృత్తిగా గల ఆయన మనస్సును కదలు బొమ్మ ఆకర్షించెను.

ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరుల చలనచిత్రములు 1896 జూలై 7వ తేదీన బొంబాయిలో ప్రదర్శింపబడినవి. కొలది కాలములోనే చెన్నపట్నమునను ఈ వింత కనబడెను. తొలుత ప్రదర్శనలు ఐరోపీయుల చేతిలోనే యుండెను. వారు యంత్రములతో వచ్చి, నాలుగు దినములు బొమ్మ లాడించి, తిరిగిపోవు బాటసారులు. ఈ విద్య మనవారి చేతికి వచ్చినది వాడిన యంత్రముల ద్వారానే. 1905లో తిరుచినాపల్లిలో రైల్వే ఉద్యోగియైన స్వామికన్ను విన్సెంటు, తిరిగి స్వదేశమునకు పోదలచిన డుపాంట్ అను ఫ్రెంచి ప్రదర్శకునినుండి ప్రొజెక్టరును, ఫిల్ములను రెండువేల రూపాయలకు పైబడిన సొమ్ముతో కొని, కొలువు మాని, డేరాతో ఊరూర తిరుగ నారంభించెను. ఒకరు విడిచిన యంత్రము మరియొకరి జీవితమునే మార్చివేసెను.

వెంకయ్యగారు ఎన్నుకొన్నది ఇంతకంటె ఖరీదైన త్రోవ. ఫ్రాన్సులోని గోమాన్ కంపెనీవారు బొమ్మకు తోడు మాటయు పాటయు వినిపించు యంత్రము నొకదానిని తయారుచేసిరి. దానికి క్రోనోమెగాఫోను అని పేరు. తెరపై బొమ్మ ఆడుచుండగా దానికి జతగా గ్రామఫోను పలక తిరుగును. సంపీడితమైన గాలి బలముతో ఆ ధ్వని పెద్ద బాకాలగుండ సభ యంతటికి వినబడును. బొమ్మయు పలకయు ఒకే వేగముతో నడచిననే మాట పెదవికి అతుకును. మాటలాడు చిత్రములు వచ్చుటకు ఇరువదియేండ్లు ముందటి సంగతి యిది. ఆ యంత్రమును గూర్చి 1909 ప్రాంతమున వెంకయ్యగారు తెలిసికొనిరి. చెన్నపట్నములోని జాన్ డికిన్‌సన్ కంపెనీ ద్వారా దానిని తెప్పించుకొనిరి. వెల ముప్పదివేల రూపాయలని సినిమా చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఆనాటి ముప్పదివేల రూపాయలు మధ్యతరగతి గృహస్థు జన్మమంతయు కూడబెట్టినను చేరరాని మొత్తము. ఆ సొమ్మునకై వెంకయ్యగారు తమ స్టూడియోను తాకట్టు పెట్టిరి. అన్నము పెట్టుచున్న కెమెరాను పణముగా ఒడ్డి, అన్నము పెట్టునో పెట్టదో తెలియని యంత్రమును ఇంటికి తెచ్చుకొనిరి. దీనిని సాహసమని పొగడుట సులభము. కాని ఆయన లెక్కలేని మనిషి కాడు. కొత్త విద్య ఏదైనను పుట్టినచోటనే ఆగిపోదని, దానిని ముందుగా అందిపుచ్చుకొన్నవానికే దాని మర్మము బోధపడునని ఆయన నమ్మిక. బొమ్మను పట్టు విద్యలో ఇరువదియేండ్లు చేయితిరిగినవానికి ఈ కదలు బొమ్మ పరాయి విద్యగా తోచలేదు.

1910లో చెన్నపట్నము విక్టోరియా పబ్లిక్ హాలులో క్రోనోమెగాఫోను ప్రదర్శన జరిగెను. జనము విరగబడి వచ్చిరి. తరువాత ఎస్ప్లనేడు ప్రాంతమున డేరా వేసి వెంకయ్యగారు ప్రదర్శనలు సాగించిరి. బెంగుళూరు, బెజవాడ మొదలగు పట్టణములను చుట్టివచ్చిరి. సముద్రము దాటి సింహళమునకును, బర్మాలో రంగూను, పెగూ పట్టణములకును యంత్రమును కొనిపోయిరి. రంగూనులో నాడు తెలుగు కూలీలు, వర్తకులు పెక్కుమంది యుండిరి. యంత్రము, బాకాలు, డేరా గుడ్డలు, గుంజలు, ఫిల్ము పెట్టెలు—ఈ బరువంతయు రైలుకును ఓడకును ఎక్కించి దింపుటలో ఏ ఒక్క భాగము విరిగినను ఆనాటి ఆట పోయినట్లే. విడిభాగములు దొరకు స్థలము లేదు. బాగుచేయగల మేస్త్రీ లేడు. యంత్రము కొన్నవాడే దానికి మేస్త్రీ కావలసియుండెను. ఈ తిరుగుడులో వెంకయ్యగారికి డబ్బు వచ్చెను. అంతకంటె విలువైన అనుభవము వచ్చెను. జనమునకు ఏ బొమ్మ నచ్చునో, ఏ ఊర ఎంత రాబడి యుండునో, ఏ ఋతువున డేరా నిలుచునో ఆయనకు కరతలామలక మయ్యెను.

డేరా గాలివానకు లోకువ. ఊరూర తిరుగువానికి నిలకడ లేదు. కనుక 1914లో వెంకయ్యగారు మౌంటురోడ్డు చెంత గెయిటీ అను ప్రదర్శనశాలను కట్టించిరి. చెన్నపట్నమున భారతీయుడు సొంతముగా నిర్మించిన మొదటి సినిమాశాల అదియే. పిదప మింటు వీధిలో క్రౌను, పురసవాకములో గ్లోబు అను శాలలను కూడ నెలకొల్పిరి. గ్లోబు తరువాతి కాలమున రాక్సీ అను పేర ప్రసిద్ధికెక్కెను. ఈ శాలలలో అమెరికా, ఇంగ్లండు దేశపు చిత్రములు ఆడుచుండెను. వారము వారము ఉత్కంఠతో ఆపివేయు ధారావాహిక చిత్రములకై జనము ఎదురుచూచుచుండెడివారు.

ఇచ్చటితో కథ ముగిసియుండినచో వెంకయ్యగారు ధనవంతుడైన ప్రదర్శకుడుగా మిగిలియుందురు. మూడు శాలల రాబడి కలవానికి వేరొక చింత యేల? కాని ఇతరులు తీసిన బొమ్మలను ఆడించుట ఆయనకు తృప్తి నీయలేదు. మన కథలను మనవారే తీయవలెనని ఆయన తలంచిరి. ఆ తలపునకు బలము చేకూర్చు దృష్టాంతములు కన్నుల యెదుట నుండెను. 1912లో దాదాసాహెబు ఫాల్కే తన భీమా పత్రమును తాకట్టు పెట్టి లండనుకు పోయి, విలియంసను కెమెరాను యాబది పౌనులకు కొని తెచ్చి, మరుసటి ఏట రాజా హరిశ్చంద్ర చిత్రమును విడుదల చేసెను. చెన్నపట్నముననే వెంకయ్యగారి కన్నుల ముందర మరియొక సాహసము జరిగెను.

ఆ సాహసము చేసినవాడు రంగస్వామి నటరాజ మొదలియారు. సైకిళ్ళు, మోటారుకార్లు అమ్ము వర్తకుడు. ఫాల్కే చిత్రములను చూచి ఆయనకు సినిమా పిచ్చి పట్టెను. స్టీవర్టు స్మిత్ అను ఆంగ్లేయ ఛాయాగ్రాహకునియొద్ద కెమెరా త్రిప్పుటలో మెలకువలు నేర్చెను. కొత్త కెమెరాకై సీమకు పోలేదు. తంజావూరు వర్తకుడు మూల్‌చందు వద్దనున్న వాడిన విలియంసను కెమెరాను, ప్రింటు తీయు యంత్రముతో కలిపి 1,800 రూపాయలకు కొనెను. పురసవాకములో స్టూడియో కట్టి, కీచకవధ కథను చిత్రముగా తీసెను. దక్షిణాదిన తయారైన మొదటి కథాచిత్ర మదియే. చెన్నపట్నపు వేడికి ఫిల్ము పూత మెత్తబడి చెడునను భయముచేత తీసిన భాగములను కడుగుటకు బెంగుళూరునకు పంపుచుండెను. ఆ చిత్రమునకు 35,000 రూపాయలు ఖర్చైనట్లు చెప్పుదురు. కెమెరా వెల అందు ఇరువదవ వంతు మాత్రమే యని గమనింపవలెను.

ఈ లెక్కలోనే ఆనాటి స్వతంత్ర చిత్రనిర్మాతల కష్టమంతయు ఇమిడియున్నది. చేతులు మారిన కెమెరా అయినను మంచిదైనచో పని జరుగును. కొయ్యపెట్టె, దానికి ముందు లెన్సు, ప్రక్కన చేతిపిడి, క్రింద మూడుకాళ్ళ స్టాండు—ఇదియే ఆనాటి కెమెరా. పిడిని సెకనునకు రెండు చుట్లు త్రిప్పినచో పదునారు బొమ్మలు, అనగా ఒక అడుగు ఫిల్ము, పోవును. చేయి తొందరపడినచో తెరపై మనుష్యులు నత్తనడక నడతురు. చేయి మందగించినచో పరుగెత్తుదురు. ఫిల్ము అంచు రంధ్రములలో దూరి లాగు చిన్న కొక్కెము అరిగియున్నచో బొమ్మ తెరపై వణకును. గేటున ఇసుక రేణువు చిక్కినచో ఫిల్ము పొడవునను గీత పడును. కొయ్యపెట్టె ఎండకు బీట వారినచో సందునుండి వెలుతురు దూరి ఫిల్మును పాడుచేయును. సముద్రతీరపు చెమ్మకు లెన్సు మీద బూజు పట్టును. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును. వాడిన యంత్రమును కొనువాడు ఇన్నియు పరిశీలింపవలెను. ఇన్నియు సరిగా నున్నను కథ, నటులు, వెలుతురు, ఫిల్ము, కడుగుడు, ప్రదర్శన మిగిలియే యుండును. యంత్రము కొనుట తొలి మెట్టు మాత్రమే.

వెంకయ్యగారు ఈ సంగతిని అనుభవముచే ఎరిగినవారు. కనుక కెమెరా కొనుటకంటె ముందు కెమెరా ఎరిగిన మనిషిని తయారుచేయ దలచిరి. ఆ మనిషి తమ కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్. అతనిని ఇంగ్లండునకు పంపి, లండను చెంత ఈలింగులోని బార్కరు స్టూడియోలో చలనచిత్ర కళను నేర్పించిరి. ప్రకాశ్ జర్మనీ, అమెరికా దేశములలో కూడ చిత్రనిర్మాణ పద్ధతులను పరిశీలించెను. కొడుకును సీమకు పంపువారు నాడు బారిష్టరు పట్టముకొరకో, కలెక్టరు కొలువు పరీక్షకొరకో పంపుచుండెడివారు. బొమ్మలు తీయుట నేర్చుకొని రమ్మని పంపిన తండ్రి వెంకయ్యగారు. ఆనాటి పెద్దమనుష్యులకు అది వింతగా తోచియుండిన ఆశ్చర్యము లేదు. సినిమా నాడు సంతలోని వినోదముగా ఎంచబడుచుండెను. దానికై కుమారుని భవిష్యత్తును ఒడ్డుట స్టూడియో తాకట్టుకంటె పెద్ద పణము.

ప్రకాశ్ ముప్పదియైదు మిల్లీమీటర్ల కెమెరాతో తిరిగివచ్చి, మధుర మీనాక్షి ఆలయము నేపథ్యముగా మీనాక్షీ కల్యాణమును చిత్రించుటకు పూనుకొనెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు. కెమెరా సరిగా పనిచేయకపోవుటయే కారణమని సినిమా చరిత్రలో నిలిచిన మాట. ఎంత ఖర్చు, ఎంత ప్రయాణము, ఎంత ఆశ! అన్నిటికి మూలమైన చిన్న పెట్టె మొరాయించినచో సర్వము వ్యర్థమే. ఇతరులైనచో ఇంతటితో చేతులు కడుగుకొనియుందురు. వెంకయ్యగారు కుమారుని నిందింపలేదు, యత్నమును మానలేదు. పోయినదానికి వగచుటకు మారుగా పూర్తి సాధనములతో మరల మొదలుపెట్టిరి.

ఆ విధముగా స్టార్ ఆఫ్ ది ఈస్టు అను చిత్రనిర్మాణ సంస్థ వెలసెను. దాని స్టూడియోను జనులు గ్లాసు స్టూడియో అనిరి. గాజు కప్పునుండియు గాజు గోడలనుండియు పగటి వెలుతురు లోపలికి దిగునట్లు దానిని కట్టిరి. వెంకయ్యగారి ఛాయాగ్రహణశాలలోని గాజుకప్పే ఇచ్చట పెద్ద రూపు దాల్చినదన్నమాట. నాటి ఫిల్మునకు ఎరుపురంగు సోకదు. ఎర్రని చీర నల్లగా పడును, నీలాకాశము తెల్లబారును. కనుక వేషమునకు, తెరలకు రంగులు ఎన్నుటయే ఒక విద్య. మబ్బు క్రమ్మినచో పని నిలుచును. సూర్యుడే ఆ స్టూడియోకు యజమాని అనవచ్చును.

1921లో ఈ సంస్థనుండి భీష్మప్రతిజ్ఞ వెలువడెను. తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్ర మదియే. దర్శకుడు ప్రకాశ్, భీష్ముని పాత్రయు ఆయనదే. గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో అను ఆంగ్ల యువతి ధరించెను. నాడు మన కుటుంబముల స్త్రీలు కెమెరా ముందర నిలుచుటకు సమ్మతించెడివారు కారు. మహాభారత కథకు ఆంగ్ల వనితను తేవలసివచ్చెను. మూకీ చిత్రము గాన దానికి భాష లేదు. సందర్భములను తెలుపు అక్షరముల పలకలే దాని మాటలు. అయినను తండ్రి మాట నిలుపుటకై సర్వసుఖములను వదలుకొన్న భీష్ముని కథను ఒక తండ్రి కోరికను నెరవేర్చుచున్న కుమారుడు అభినయించుట చూచువారికి ఒక ఇంపైన పొందిక. ఆ తరువాత గజేంద్రమోక్షము, మత్స్యావతారము, నందనారు మొదలగు చిత్రములు ఈ సంస్థనుండి వచ్చినవి.

కాని చిత్రనిర్మాణము మదపుటేనుగును మేపుట వంటిది. ప్రదర్శనశాలలు సంపాదించినదానిని స్టూడియో హరించివేసెను. మూకీ చిత్రములకు ఉత్తరాది కంపెనీలనుండియు, విదేశములనుండియు పోటీ హెచ్చుగా నుండెను. చిత్రములను దేశమంతట పంచిపెట్టు ఏర్పాట్లు దక్షిణాదిన ఇంకను ఏర్పడలేదు. అప్పులు పెరిగినవి. స్టార్ ఆఫ్ ది ఈస్టు మూతపడెను. ఎంతో ప్రయాసతో కట్టిన ప్రదర్శనశాలలు వెంకయ్యగారి చేయి దాటినవి. ప్రకాశ్ ఇతరుల సంస్థలలో దర్శకుడుగా పనిచేయవలసివచ్చెను. నటరాజ మొదలియారు గతియు ఇంతకంటె మెరుగు కాదు. స్టూడియో అగ్నికి ఆహుతి యగుట, కుమారుడు మరణించుట—ఈ రెండు దెబ్బలతో ఆయన 1923లో చిత్రరంగమును విడిచిపెట్టెను. దక్షిణాది సినిమాకు పునాది వేసిన ఇరువురును ఆ పునాదిపై లేచిన మేడలో నివసింపలేదు.

అయినను వెంకయ్యగారు వెచ్చించినదంతయు నీటిపాలైనదని చెప్పరాదు. స్టార్ ఆఫ్ ది ఈస్టులో ప్రకాశ్ చెంత పనిచేసిన యువకులలో కాకినాడ వాస్తవ్యుడు చిత్తజల్లు పుల్లయ్యగారు ఒకరు. ఆయన అచ్చట నేర్చిన విద్యతో తరువాత కాకినాడలో మార్కండేయ మూకీ చిత్రమును తీసిరి. 1934లో లవకుశ టాకీని తీసి తెలుగు ప్రజల నలరించిరి. ఇట్లు విద్య చేతినుండి చేతికి ప్రాకెను. 1932 ఫిబ్రవరి 6వ తేదీన హెచ్.ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాద విడుదలయై తెరపై తెలుగు మాట వినబడెను. బొమ్మకు మాట జతచేయు యంత్రమునకై ఇరువదియేండ్లకు పూర్వమే సర్వస్వము నొడ్డిన వెంకయ్యగారు ఆ దినమును చూచుటకు జీవించియుండిరి. నెల్లూరులో పుట్టిన వై.వి. రావుగారు, పి. పుల్లయ్యగారు దర్శకులై తెలుగు చిత్రమును పెంచిరి. పెద్దాయన కన్నుమూయు నాటికి వై.వి. రావుగారి మళ్ళీపెళ్ళియు, పి. పుల్లయ్యగారి శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యమును వెలువడియుండెను. ఆ రెండును 1939 నాటి చిత్రములు.

1941 మార్చి 15వ తేదీన వెంకయ్యగారు పరమపదించిరి. ఆయన జీవించియున్న దినములలో బిరుదులు, సన్మానములు జరిగిన జాడలు తక్కువ. చాలకాలమునకు గాని తెలుగువారు ఆయన ఋణమును గుర్తింపలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చలనచిత్ర రంగమున జీవితకాల సేవకై ఆయన పేర నెలకొల్పిన పురస్కారము 1980లో తొలిసారిగా ఎల్.వి. ప్రసాదుగారికి లభించెను. నేడు గెయిటీ లేదు, క్రౌను లేదు, రాక్సీ లేదు. భీష్మప్రతిజ్ఞ ఫిల్మును మనకు దక్కలేదు. ఆనాటి ఫిల్ము త్వరగా మండు స్వభావము కలది. భద్రపరచు శ్రద్ధ ఎవరికిని లేకుండెను. తొలి తెలుగువాని తొలి చిత్రమును చూచు భాగ్యము నేటి విద్యార్థికి లేదు.

నేడు కెమెరా అందరి చేతిలోనికి వచ్చినది. కొత్తది కొనలేని యువకుడు వాడినదానిని కొని చిత్రము తీయగలడు. జేబులో నిమిడిన ఫోనుతోనే తీయగలవారును కలరు. చేతిపిడి లేదు, ఫిల్ము కడుగుడు లేదు, మబ్బు భయము లేదు. యంత్రము ఇంత చౌకయైనప్పుడు వెంకయ్యగారి జీవితమునుండి నేర్వదగినది ఏమి? ఆయన కొన్న యంత్రములలో ఒక్కటియు ఆయనకు నిలువలేదు. క్రోనోమెగాఫోను పాతబడెను, తొలి కెమెరా మొరాయించెను, గాజు స్టూడియో మూతపడెను. నిలిచినది ఆయన మనుష్యులపై వెచ్చించినది. దూరదేశమునకు పంపి కుమారునికి విద్య నేర్పించెను. ఆ కుమారునినుండి ఇతరులు నేర్చిరి. వారినుండి మరికొందరు నేర్చిరి. ఏ యంత్రము కొందునని ఆలోచించు యువకుడు, ఆ యంత్రముతో ఎవరివద్ద ఏమి నేర్తును, ఎవరికి ఏమి నేర్పుదును అని కూడ ఆలోచించినచో వెంకయ్యగారి శ్రమ సార్థకమగును. పాఠశాలలలో పిల్లలకు తెలుగు సినిమాను గూర్చి చెప్పు ఉపాధ్యాయులు నటుల పేర్లకు ముందుగా, తాకట్టు పత్రముపై సంతకము చేసిన ఈ బందరు ఛాయాగ్రాహకుని పేరు చెప్పుట ధర్మము.